ధార డాక్టరు

మొన్న మా ఆయన్ని గుంటూరులో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. వయసు మీదపడ్డ మగవాళ్ళకి వచ్చే తంటానే ఆయనకీ వచ్చింది. కూర్చుంటే లేవాలి, లేచి వెళితే రాదు. తెల్లకోటు వేసుకున్న చిన్నపిల్ల ఒకతి వచ్చి, "అంకుల్, నీళ్ళు బాగా తాగి, ఇక ఆపుకోలేను అనిపించినప్పుడు చెప్పండి" అంది. చెప్పాక, గరాటు బిగించిన యంత్రం ఉన్న గదిలోకి పంపించి తలుపు వేసింది. ధార ఎంత జోరుగా మొదలయింది, ఎక్కడ నీరసించింది, ఎన్నిసార్లు ఆగింది, అంతా ఆ యంత్రమే గీత గీసి చూపిస్తుందట. ఆ పిల్ల గీతల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టేసరికి నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. మా ఆయన ప్యాంటు సర్దుకుంటూ బయటికొచ్చి, "నా ఉచ్చ చూసి నవ్వటానికా నువ్వు తోడొచ్చింది?" అని అందరి ముందూ అరిచాడు.

నేను నవ్వింది ఆయన్ని చూసి కాదు, ఒట్టు. ఈ యంత్రం పేరు కూడా మా వైపు ఎవరూ విని ఉండని ఎనభైల్లో, నరసరావుపేటలో ఒక డాక్టరు ఇదే పనిని ఒక రేకుముక్కతో, చేతిగడియారంతో, తన రెండు చెవులతో చేశాడు. ఆయన నర్సింగ్ హోములో నేను ల్యాబు టెక్నీషియన్ని. పేరు చెప్పను. చెప్పినా ఊళ్ళో సగం మందికి తెలియదు, అందరూ ఆయన్ని ధార డాక్టరు అనే అనేవాళ్ళు. మా నాన్న తన జబ్బు దాచుకుని చావబోతుంటే, ఆయన్ని మోసం చేసి బతికించిన మనిషి. ఆ మోసం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ కోపమూ కలిసే వస్తాయి.

మనిషి పొట్టి. ముందు పొట్ట వచ్చేది, ఆ వెనక ఆయన వచ్చేవాడు. మద్రాసులో పెద్ద చదువు చదివినా మాట మాత్రం వెల్దుర్తి మెట్టచేలో వదిలిపెట్టినట్టే ఉండేది. గదిలోకి ఎవరు అడుగుపెట్టినా ముందు ఒక చెంబు నీళ్ళు చేతికిచ్చేవాడు. రోగి కానక్కర్లేదు. మందుల కంపెనీ కుర్రాడైనా, కరెంటు మీటరు చూడటానికొచ్చినవాడైనా తాగి తీరాల్సిందే.

"తాగు, తరవాత మాట్లాడు. మన ఎండకి ఒంట్లో నీళ్ళన్నీ చెమటై పోతాయి, మిగిలింది రాయి కట్టిద్ది. మాచర్లలో భూమిలోనూ రాయే, మనుషుల్లోనూ రాయే" అనేవాడు.

ఆపరేషన్ చేసి తీసిన రాళ్ళన్నీ గాజు సీసాల్లో పోసి, ఏ ఊరి రాళ్ళు ఆ ఊరి చీటీతో బల్ల మీద పేర్చేవాడు. ఏ బావి నీళ్ళు తాగేవాళ్ళకి ఎక్కువ వస్తున్నాయో తేల్చాలని ఆయన పట్టుదల. గురజాల నుంచి వచ్చిన వాళ్ళు తమ ఊరి సీసా వెతుక్కుని, పక్క ఊరి సీసా కంటే తక్కువ నిండిందని నిష్ఠూరపడేవాళ్ళు.

ఇక రేకు సంగతి. ఆయన గది కిటికీ వెనక పెరట్లోకి తెరుచుకునేది. కిటికీ కింద తడికచాటు కట్టించి, లోపల ఒక ఇనప రేకుని ఏటవాలుగా నిలబెట్టించాడు. రేకు కింద బక్కెట్టు. రోగిని ఆ తడిక వెనక్కి పంపించి, తను కుర్చీలో కూర్చుని అతని పెళ్ళాంతో మిరపచేను గురించి మాట్లాడుతుండేవాడు. రేకు మీద చప్పుడు మొదలవగానే వేలు పైకెత్తేవాడు. ఆవిడ నోరు మూసుకోవాలి. కళ్ళు గడియారం ముల్లు మీద, చెవులు కిటికీ మీద. ఎంతసేపటికి మొదలయింది, ఎంత జోరుగా పడింది, ఆగి ఆగి వస్తుందా, చివర్లో చుక్కలు ఎంతసేపు రాలాయి, అంతా విని తీర్పు చెప్పేవాడు.

"చెరువు బానే ఉందమ్మా. తూము పూడింది. తూము బాగు చెయ్యాల."

కాలవ కింద సేద్యం చేసేవాళ్ళకి అంతకంటే విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ప్రోస్టేటు గ్రంథి అని నేను రిపోర్టు మీద రాస్తే, ఆవిడ ఇంటికెళ్ళి తూము అని చెప్పుకునేది.

అయితే ఆయన గోల రోగులతో ఆగేది కాదు. "జబ్బు లేనోడి ధార ఎట్టా ఉంటదో తెలవకపోతే, జబ్బున్నోడిది ఎట్టా తెలిసిద్ది అమ్మాయ్?" అని, దారినపోయే వాళ్ళనందరినీ పిలిచి నీళ్ళు తాగించి రేకు దగ్గరికి తోలేవాడు. కొత్తగా వచ్చిన ఎస్సై ఏదో కొట్లాట కేసులో గాయాల సర్టిఫికెట్ కోసం వస్తే, ఆయన్నీ వదల్లేదు. ఎస్సై తిరిగొచ్చాక డాక్టరు గారు చెయ్యి కలిపి, "మీ లాఠీ కంటే ఇదే గట్టిగా ఉంది సార్" అన్నాడు. నేను పక్క గదిలో టెస్టుట్యూబు జారవిడుచుకున్నాను. ఎస్సై మాత్రం పొంగిపోయి, ఆ మాట తనే స్టేషన్లో చెప్పుకున్నాడట.

బస్టాండు గోడ దగ్గర నిలబడ్డవాళ్ళకీ ఆయన బెడద తప్పేది కాదు. కారు ఆపి, దిగి, వెనక నిలబడి వినేవాడు. "ఏందయ్యా, ఇంతసేపా? రేపొకసారి వచ్చిపో" అని వెనక నుంచి గొంతు వినపడేసరికి ఆ మనిషికి వచ్చేది కూడా ఆగిపోయేది. ఊళ్ళో గోడలన్నిటి మీదా ఇక్కడ మూత్రం పోయరాదు అని రాసి ఉండేది. మా నర్సింగ్ హోము గోడ మీద పోయవచ్చు అని రాయించాడు. మునిసిపాలిటీ వాళ్ళు అభ్యంతరం చెబితే వాళ్ళకీ చెరో చెంబు ఇచ్చాడు.

ఇంత చేసినా, మా వైపు మగవాళ్ళ చేత నిజం చెప్పించటం ఆయన తరం కూడా కాలేదు. కత్తిపోటు తగిలితే చొక్కా విప్పి చూపించే వీరులు, ఉచ్చలో మంట అంటే మాత్రం నోరు విప్పరు. ఎవడొచ్చినా "మా బావమరిదికండీ" అనేవాడు. వారం తిరిగేసరికి ఆ బావమరిది వచ్చి "మా బావకండీ" అనేవాడు. డాక్టరు గారు పెద్దగా నవ్వి, "సరే, మీ బావమరిదిని బల్ల మీద పడుకోమను" అనేవాడు. సీసా తేవాలన్నా ఇదే దొంగతనం. కూరగాయల సంచిలో అడుగున పెట్టి, పైన వంకాయలు కప్పి తెచ్చేవాళ్ళు. ఒకాయన దగ్గుమందు సీసా కడక్కుండా అందులో పోసి తెచ్చాడు. నేను కాచి చూస్తే ఇటుక రంగు తిరిగింది. ఒంట్లో ఇంత షుగరున్నా ఎట్లా నడిచొచ్చాడా అని నేను కంగారుపడుతుంటే, డాక్టరు గారు సీసా వాసన చూసి, "వీడికి జబ్బు లేదుగానీ దగ్గు మాత్రం తగ్గిపోయుంటది" అన్నాడు.

మా నాన్న ఈ మగవాళ్ళందరికీ మేస్త్రీ. మిషన్ బళ్ళో తెలుగు మాస్టారు, చర్చిలో సంఘపెద్ద. ఇస్త్రీ పంచె, నోట్లో ఇస్త్రీ మాట. ఆయన నోట ఉచ్చ అనే మాట నేను పుట్టి బుద్ధెరిగిన తరవాత వినలేదు. అవసరమైతే "అలా పెరటి వైపు వెళ్ళొస్తాను" అనేవాడు. కూతురు అలాంటి ల్యాబులో ఉద్యోగం చేస్తుందని ఎవరికైనా చెప్పాల్సి వస్తే "వైద్యశాలలో" అని ఊరుకునేవాడు. ఆయనకున్న వ్యసనం ఒకటే, చుట్ట. సాయంత్రం బడి వదిలాక ఖాసిం బాబాయి టైలరు కొట్టు ముందు బల్ల మీద కూర్చుని కాల్చేవాడు. వాళ్ళిద్దరిదీ చిన్ననాటి స్నేహం. పాస్టరు గారు వీధి మలుపు తిరగ్గానే నాన్న చుట్ట ఖాసిం బాబాయి చేతిలోకి మారిపోయేది. జన్మలో పొగ తాగని బాబాయి దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, దగ్గుతూ, పాస్టరు గారికి సలాము పెట్టేవాడు.

చుట్ట నాదే అన్నవాడు సీసా నాదే అనడా?

ఒకరోజు పొద్దున్నే ఖాసిం బాబాయి నా ల్యాబుకి వచ్చాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క అలాగే ఉన్నాయి. గుడ్డసంచిలోంచి గాజు సీసా తీసి బల్ల మీద పెట్టి, గోడకేసి చూస్తూ "నాదేనమ్మా" అన్నాడు. ఎవరిదని నేను అడగనే లేదు. సీసాలో ఉన్నది చూశాను. మాంసం కడిగిన నీళ్ళ రంగులో ఉంది.

ఆ లోపల ఉన్నది మా నాన్నది. మీకు ముందే చెప్పేస్తున్నాను, నాకు మాత్రం అప్పుడు తెలియదు. నేను సీసా తీసుకుని సూక్ష్మదర్శిని దగ్గరికి పరుగెత్తాను. తన గదిలో బాబాయితో జరిగిన సంభాషణ తరవాతెప్పుడో డాక్టరు గారే నాకు అభినయించి చూపించాడు.

"నొప్పి ఉందా ఖాసిం?"

"ఉందండీ... ఉండకూడదాండీ?"

"నిన్నే అడుగుతున్నా."

"అయితే లేదండీ."

"ఎప్పట్నుంచి పడతంది నెత్తురు?"

"బడికి సెలవులిచ్చిన కాణ్ణుంచండీ."

"ఓహో. టైలర్లకి కూడా సెలవులిస్తన్నారా! చుట్ట తాగుతావా?"

"ఛఛ, తాగనండీ. పాస్టరు గారొచ్చినప్పుడు పట్టుకుంటానంతే."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట. బాబాయికి రెండు చెంబులు తాగించి రేకు దగ్గరికి పంపించాడు. వడగళ్ళు పడ్డట్టు మోగింది. బక్కెట్టులో చూస్తే బావినీళ్ళంత తేటగా ఉంది. ఆయన, "సరే ఖాసిం, కబురు చేస్తాలే" అని పంపించేశాడు.

తరవాత నా పక్కన కూర్చుని, అడుగున దిగిన మడ్డిని గాజుపలక మీద పూసి, రంగు వేసి, చాలాసేపు చూశాడు. అలాంటివి చూడటం ఆయన సొంతంగా నేర్చుకున్న విద్య. మా వైపు ల్యాబుల్లో ఎవరూ చేసేవాళ్ళు కాదు. నన్నూ చూడమన్నాడు. పెద్ద పెద్ద కణాలు, గుంపులుగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి.

"ఇది రాయి కాదమ్మాయ్. ఉచ్చతిత్తిలో కంతి. క్యాన్సరు" అన్నాడు. "మీ నాన్నకి చెప్పు. ఖాసింకి ఆయనే గదా స్నేహితుడు. ఇప్పుడు తీసేస్తే బతుకుతాడు, నానబెడితే బతకడు. ఆ ముక్క అట్టాగే చెప్పు" అన్నాడు.

నేను అట్టాగే చెప్పాను. నాన్న అన్నం తింటున్నాడు. "నాన్నా, ఖాసిం బాబాయికి తిత్తిలో క్యాన్సరంట" అని ఏడ్చాను. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఎవరికి?"

"ఖాసిం బాబాయికి. ఇప్పుడే తీసేస్తే బతుకుతాడంట. నానబెడితే బతకడంట."

"ఆగిపోయిందిగా..." అన్నాడు నాన్న.

"నీకెట్టా తెలుసు?"

"ఖాసిమే అన్నాడు. వేడిచేసి ఉంటుంది. సబ్జాగింజలు తాగాడట, ఆగిపోయిందట." చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ నా వైపు చూసి, "కూరలో ఉప్పెక్కువైందా?" అంది. తన జబ్బు పేరు కన్నకూతురి నోట, ఇంకొకరి పేరు మీద విన్నాడు మా నాన్న. ఆ పని నా చేత చేయించినందుకు డాక్టరు గారి మీద నాకు వచ్చిన కోపం చిన్నది కాదు.

మర్నాడు నాన్న నా టిఫిను డబ్బా తెచ్చే వంకతో నర్సింగ్ హోముకి వచ్చాడు. నేను అక్కడ చేరిన తరవాత ఆయన గుమ్మం తొక్కటం అదే మొదలు. డాక్టరు గారు చెంబు అందించాడు. నాన్న పుచ్చుకోలేదు.

"నాకు దాహంగా లేదు. మా ఖాసిం సంగతి కనుక్కుందామని వచ్చాను. అతనికి ఇప్పుడు పూర్తిగా నయమైందట. ఇంకా ఈ గొట్టాల పరీక్షలు అవసరమంటారా?"

"మాస్టారూ, రాయి ఉంది చూశారూ, అది చుట్టం లాంటిది. వీధి మొదట్లోంచే అరుచుకుంటా వచ్చిద్ది. నొప్పి లేని నెత్తురు దొంగ. వచ్చిద్ది, పోద్ది, చప్పుడు చెయ్యదు. పోయాడు గదా అని తలుపు తీసిపెట్టుకుని పడుకుంటే ఇల్లంతా ఊడ్చుకుపోద్ది. ఈ ముక్క ఖాసింకి మీరే చెప్పాల."

"చెబుతాను" అన్నాడు నాన్న. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"వచ్చారు గదా, మీరూ ఒకసారి అట్టా రేకు దగ్గరికి..."

"నాకా? నాకెందుకు!" అని నాన్న టిఫిను డబ్బా నాకివ్వకుండానే తిరిగి ఇంటికి తీసుకెళ్ళిపోయాడు. నరసరావుపేటలో ఆ రేకుని కాదన్న మగవాడు ఆయనొక్కడే.

ఆ సాయంత్రం డాక్టరు గారి కారు టైలరు కొట్టు ముందు ఆగింది. నాన్న బల్ల మీదే ఉన్నాడు. "ఖాసిం, రేపు గుంటూరు పోతన్నాం. లోపల గొట్టం పెట్టి చూడాల" అని బజారంతా వినేట్టు చెప్పాడు. ఖాసిం బాబాయి మొహం తెల్లబోయింది. నాన్న వైపు చూశాడు. ఎవరికీ చెప్పనని నాన్న ఆయన చేత కుట్టుమిషను మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడట. అన్నం పెట్టే మిషను మీద వేసిన ఒట్టు బాబాయి ఎలా తప్పుతాడు? చివరికి, "మాస్టారు గూడా వస్తేనే వస్తానండీ" అన్నాడు. నాన్న కాదనలేకపోయాడు. తోడుగా నన్నూ రమ్మన్నాడు డాక్టరు గారు.

దారి పొడుగునా ఆయన నోరు ఆగలేదు. ముందు సీట్లో కూర్చుని, అద్దంలో వెనక మా నాన్నని చూస్తూ, గొట్టం ఎంత పొడుగుంటుందో, దాని చివర దీపం ఎట్లా వెలుగుతుందో, ఎక్కడ్నుంచి లోపలికి వెళుతుందో ఖాసిం బాబాయికి పూసగుచ్చినట్టు చెప్పాడు. మత్తు ఇస్తారని మాత్రం చెప్పలేదు. బాబాయి కళ్ళు మూసుకుని దువా చదువుకుంటున్నాడు. ఫిరంగిపురంలో టీకి ఆపితే బాబాయి గ్లాసు ముట్టలేదు.

"తాగు ఖాసిం. నీకేం గాదు. తప్పు చేసినోడు భయపడాలగానీ నువ్వెందుకు?" అన్నాడు డాక్టరు గారు.

నాన్న తన టీ పారబోసి కారెక్కి కూర్చున్నాడు.

గుంటూరులో అది ఆయన స్నేహితుడి ఆసుపత్రి. ఖాసిం బాబాయికి ఆకుపచ్చ గౌను తొడిగి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. వెళుతూ వెళుతూ బాబాయి గుమ్మంలో ఆగి, "మాస్టారూ, మా పిల్లల్ని చూసుకోండి" అన్నాడు. తలుపు మూశారు. నాన్నా నేనూ వరండా బల్ల మీద కూర్చున్నాం. వరండా నిండా జనం. నాన్న పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను.

లోపల్నుంచి డాక్టరు గారి కేక వినపడింది. "సిస్టర్! ఆ చిన్నది చాలదు. పెద్ద గొట్టం పట్రా!"

ఆ వెంటనే ఖాసిం బాబాయి గావుకేక. "మాస్టారూ!"

నాన్న లేచాడు. పంచె కుచ్చిళ్ళు కాలికి తగులుకుంటున్నా ఆగకుండా పోయి, రెండు చేతులతో తలుపు తోసి, గదిలోని వాళ్ళకీ వరండాలోని వాళ్ళకీ వినపడేలా అరిచాడు.

"ఆపండి! ఆ ఉచ్చ నాది!"

వరండాలో జనమంతా మా వైపు తిరిగారు. నేను ఆయన వెనక నిలబడి లోపలికి చూశాను. గొట్టం లేదు, దీపం లేదు. ఖాసిం బాబాయి గౌనులోనే స్టూలు మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. సగం పండు ఇంకా చేతిలో ఉంది. డాక్టరు గారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, అల్లా తోడు, నేనేం చెప్పలా. గట్టిగా అరవమన్నారు, అరిచా. అంతే" అన్నాడు బాబాయి.

"ఖాసిం ఒట్టు తప్పలేదు మాస్టారూ. అరుస్తానని గాని అరవనని గాని మీరేం ఒట్టు వేయించుకోలేదంట" అన్నాడు డాక్టరు గారు. "మీరు అబద్ధమాడి చావగలరుగానీ, మీ బదులు ఇంకోణ్ణి బల్లెక్కిస్తే ఊరుకోలేరు. అది తెలిసే తీసుకొచ్చా. రండి, బల్ల మీకోసమే పరిచింది."

నాన్న నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో అంత సిగ్గు నేనెప్పుడూ చూడలేదు. అప్పుడుగానీ నాకు అంతా అర్థం కాలేదు. సీసా, కంచంలో ఆగిన చెయ్యి, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నాన్నని కావలించుకుని ఏడ్చాను. ఆయన కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టి లోపలికి నడిచాడు.

కంతి ఉంది. గొట్టంలోంచే చూసి, గొట్టంలోంచే చెక్కి తీసేశారు. బయటికొచ్చిన డాక్టరు గారు నా పక్కన బల్ల మీద కూలబడ్డాడు. నేను ఆయన్ని వదల్లేదు. "కన్నకూతురి చేత ఆ మాట చెప్పిస్తారా? మీకు ఎగతాళికి ఇంకేం దొరకలేదా?" అని పెద్దా చిన్నా చూడకుండా దులిపేశాను. ఆయన నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకుంటున్నాడు.

"ఎగతాళి కాదమ్మాయ్. నేను చెబితే డాక్టరు మాటని కొట్టిపారేస్తాడు. నీ మాట పట్టుకుని నిద్ర మానేస్తాడని... మా అయ్యకి గూడా ఇట్టాగే నెత్తురు పడింది. చెప్పుకోలా. నేను మద్రాసు నుంచి వచ్చేసరికి ఏం మిగల్లా" అన్నాడు. "ఇయ్యాల మీ నాన్న ఆ తలుపు తియ్యకపోతే ఏం జేసేవాణ్ణో నాకూ తెలవదు. ఖాసింకి అరటిపళ్ళు తినిపిస్తా కూర్చోవటమే." వేర్లు కండలోకి పోలేదనీ, మళ్ళీ రాకుండా అప్పుడప్పుడూ గొట్టం పెట్టి చూస్తుండాలనీ చెప్పి, లేచి మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాడు.

నాన్న ఆ తరవాత చాలా ఏళ్ళు బతికాడు. నా పెళ్ళి చేశాడు, నా పిల్లలకి తెలుగు పద్యాలు నేర్పాడు, ముసలితనంతో పోయాడు. పరీక్షకి గుంటూరు వెళ్ళిన ప్రతిసారీ ఖాసిం బాబాయి తోడు వెళ్ళేవాడు గానీ, ఆసుపత్రి గేటు దాటి లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు.

నాన్న లేచి తిరగటం మొదలుపెట్టాక, ఒక ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ఎప్పటిలాగే, "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. దేవుడు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పుకోవటం మా ఆచారం. నాన్న లేచాడు.

"ప్రియమైన సంఘమా, గడచిన కొంతకాలముగా నా దేహమునందు ఒకానొక..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆడవాళ్ళ వైపు నుంచి నేను చూస్తున్నాను. ఆయన చూపు చర్చి వెనక తలుపు దగ్గర ఉంది. అక్కడ ఖాసిం బాబాయి, ఆయన పక్కన డాక్టరు గారు నిలబడి ఉన్నారు.

"నా ఉచ్చలో నెత్తురు పడింది" అన్నాడు నాన్న.

అమ్మ ముసుగు మొహం మీదికి లాక్కుంది.

"నొప్పి లేదు. దానంతటదే ఆగిపోయింది. పోయిందనుకున్నాను. చెప్పుకోవటానికి సిగ్గుపడ్డాను. కూతురు ఆ ల్యాబులోనే ఉన్నా దానికి చెప్పలేదు. చావటానికి సిద్ధపడ్డానుగానీ చెప్పటానికి సిద్ధపడలేదు. మీలో ఎవరికైనా ఇట్లా అయితే దాచుకోకండి. ఆ రోజే పోయి చూపించుకోండి. నేను చెప్పాల్సింది ఇంతే" అని కూర్చున్నాడు.

సాక్ష్యం చెప్పాక దాని కోసం పాస్టరు గారు ప్రార్థన చెయ్యాలి. అందరం తలలు వంచాం. పాస్టరు గారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా సహోదరుని యొక్క..." అన్నారు. ఆగారు. "మా సహోదరుని యొక్క..." అని మళ్ళీ అన్నారు. వంచిన తలల మధ్య ఎవరో దగ్గారు. నాన్న కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తున్నాడు. పాస్టరు గారు ఊపిరి పీల్చుకుని, గొంతు పెంచి, "మా సహోదరుని ఉచ్చను శుద్ధి చేసినందుకు నీకు స్తోత్రము" అన్నారు.

సంఘం ఇంకా నోరు తెరవలేదు. గుడి మెట్లు గానీ చర్చి మెట్లు గానీ అంతవరకూ ఎక్కని ధార డాక్టరు, వెనక తలుపు దగ్గర నిలబడి, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాడు.